కారు ఇంజిన్ కంప్యూటర్‌కు తెర కొంటున్నారా? ముందు అది ఏ భాష మాట్లాడుతుందో అడగండి

మామిడి సొమ్ము చేతికందగానే మన శ్రీనివాసపురంలో బండ్ల మీద ఖర్చు మొదలవుతుంది. ఒకప్పుడు సీటు కవర్లతో, స్పీకర్లతో సరిపోయేది. ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగాలు చేసే మన పిల్లలు ఇంట్లోని పాత జెన్‌కో, ఎస్టీమ్‌కో బయటి కంపెనీ ఇంజిన్ కంప్యూటర్ వేయిస్తున్నారు. దాని వెనకే స్టీరింగ్ ముందు ఒక రంగుల తెర కూడా కావాలంటున్నారు. ఈ తెరలు వందల రూపాయల నుంచి లక్ష దాటేదాకా ఉన్నాయి. "ఇందులో ఏది కొనాలయ్యా?" అని సంఘానికి వచ్చే పెద్దలు అడుగుతున్నారు కాబట్టి, తెలిసినంత వరకు రాస్తున్నాను.

ఇంజిన్ కంప్యూటర్‌ను ఈసీయూ అంటారు. నీళ్ల వేడి, గాలి పీడనం, ఇంజిన్ వేగం, యాక్సిలరేటర్ ఎంత తొక్కారు, ఇవన్నీ సెన్సార్ల ద్వారా తెలుసుకుని ఎంత పెట్రోలు చిమ్మాలో, ఎప్పుడు నిప్పురవ్వ వేయాలో అది నిర్ణయిస్తుంది. కంపెనీ ఇచ్చిన ఈసీయూలోని లెక్కలను మనం మామూలుగా మార్చలేము. బయట కొన్న ఈసీయూలో మార్చుకోవచ్చు. ఆస్ట్రేలియాకు చెందిన హాల్‌టెక్, మోటెక్, న్యూజిలాండ్‌కు చెందిన లింక్ ఇలాంటివే. పందెం కార్ల కోసం పుట్టిన సరుకు ఇది.

తెరకు మాత్రం సొంత తెలివి లేదు. ఆఫీసులో మా టైపిస్టు దొర చెప్పిందే కొట్టేవాడు. దొర తప్పు అంకె చెబితే తప్పు అంకే పడేది. తెర పని కూడా అంతే. ఈసీయూలో వేడి సెన్సార్ రకం తప్పుగా పెట్టి ఉంటే, ఎంత ఖరీదైన తెర కొన్నా ఆ తప్పు అంకెనే అందంగా చూపిస్తుంది. అందుకే తెర బిగించిన రోజున, రాత్రంతా నిలిపి ఉంచిన బండిని పొద్దున స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పి చూడండి. నీళ్ల వేడి, గాలి వేడి రెండూ దాదాపు బయటి వాతావరణమంతే చూపాలి. పదిహేను డిగ్రీలు తేడా ఉందంటే ట్యూనర్‌ని మళ్లీ పిలవాల్సిందే.

ఇక అసలు విషయం భాష. ఈసీయూ, తెర మాట్లాడుకునేది క్యాన్ అనే పద్ధతిలో, రెండు మెలివేసిన తీగల మీద. జర్మనీకి చెందిన బాష్ కంపెనీ 1986లో దీన్ని లోకానికి చూపింది. అయితే రెండింటికీ క్యాన్ ఉంటే సరిపోదు. తెలుగు, కన్నడ అక్షరాలు అక్కచెల్లెళ్లలా ఉంటాయని మన కోలారు జిల్లావాళ్లకు చెప్పనక్కర్లేదు. కానీ అక్షరం పోలినంత మాత్రాన భాష రాదు కదా. ఒక్కో ఈసీయూ కంపెనీ తన సమాచారాన్ని ఒక్కో వరుసలో పంపుతుంది. ఆ వరుస తెరకు తెలియకపోతే అన్నీ గీతలే కనిపిస్తాయి, లేదా పిచ్చి అంకెలు వస్తాయి. పంపే వేగం కూడా ఇద్దరికీ ఒకటే ఉండాలి. ఒకటి సెకనుకు 500 కిలోబిట్లు, ఇంకొకటి 1000 అయితే మాటే కలవదు.

పిల్లలు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఆన్‌లైన్‌లో చవకగా దొరికే తెరలు చాలావరకు ఓబీడీ తెరలు. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌లో గుచ్చేవి. మన దేశంలో కార్లకు ఓబీడీ రెండో దశ 2013 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయింది కాబట్టి, ఆ తర్వాతి బండ్లలో కంపెనీ ఈసీయూతో ఇవి చక్కగా పనిచేస్తాయి. పాత ఈసీయూను అలాగే ఉంచి పక్కన చిన్న పెట్టె తగిలించే పిగ్గీబ్యాక్ పద్ధతిలోనూ మామూలుగా పనిచేస్తాయి. కానీ కంపెనీ ఈసీయూను పూర్తిగా తీసేసి కొత్తది వేస్తే, ఆ కొత్తదానికి ఓబీడీ భాష రాకపోవచ్చు. అప్పుడు ఈసీయూ కంపెనీవాళ్ల తెరే కొనాలి, లేదా ఆ ఈసీయూ పేరు తన జాబితాలో ఉన్న ఇటలీ ఏఐఎం లాంటి తెర కొనాలి. గ్యాస్ కిట్ వేయించినవాళ్ల సంగతి వేరు. కిట్‌కు తనదైన ఈసీయూ, దీపాలుండే చిన్న స్విచ్ ఉంటాయి. ఆ స్విచ్ చెడిపోతే అదే కిట్‌కు సరిపడేదే తెచ్చుకోవాలి.

తెర మీద ఏం చూడాలి? పిల్లలకు ఇంజిన్ వేగం కావాలి. ఇంటి పెద్దలకు కావలసింది నీళ్ల వేడి. చాలా చిన్నకార్లలో వేడికి ముల్లు లేదు, ఎర్ర దీపం ఒక్కటే ఉంటుంది. అది వెలిగేసరికి ఆలస్యమై ఉండవచ్చు. ములబాగల్, పలమనేరు మీదుగా తిరుపతి చేరి, 1974లో తెరిచిన రెండో ఘాట్ రోడ్డు మీద ఐదుగురితో, సామాన్లతో, ఏసీ వేసుకుని ఎక్కేటప్పుడు ఈ అంకె విలువ తెలుస్తుంది. మామూలుగా 85 నుంచి 100 డిగ్రీల మధ్య ఉంటుంది. 105 దాటితే బజర్ మోగేలా పెట్టించండి. ఇంకా ఎక్కుతుంటే ఏసీ ఆపి, బండి పక్కకు తీయాలి. వేడి మీద రేడియేటర్ మూత తెరవకండి. ఇంకొక మాట చాలామందికి తెలియదు. ఎక్కుతున్న అంకె ఉన్నట్టుండి పడిపోతే సంతోషించకండి. నీళ్లు కారిపోయి సెన్సార్ గాలిలో ఉండిపోయినా అంకె తగ్గుతుంది. హెడ్ గాస్కెట్ పోతే అయ్యే ఖర్చు ముందు తెర ధర ఏపాటిది!

బ్యాటరీ వోల్టులు కూడా పెట్టించండి. ఇంజిన్ నడుస్తుండగా సుమారు 13.5 నుంచి 14.5 ఉండాలి. ఆయిల్ పీడనం అంకెల్లో చూపిస్తుందని దుకాణదారు అంటే నమ్మవద్దు. మామూలు కార్లలో ఉండేది స్విచ్ మాత్రమే. అంకె కావాలంటే సెన్సార్ వేరుగా కొనాలి.

ఫోన్‌నే తెరగా వాడదామనేవారున్నారు. ఎండలో డ్యాష్‌బోర్డు మీద ఫోన్ వేడెక్కి మసకబారుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. తెరను మధ్యాహ్నం పూట ఆరుబయట చూసి కొనండి, దుకాణంలోని ట్యూబులైటు కింద కాదు. రాత్రి వెలుగు తగ్గించే వీలుండాలి. మెనూలన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి. ఇంటి బండి నడిపేవారికి తెలుగో కన్నడమో మాత్రమే వస్తే, పెద్ద అంకెలు, బొమ్మ గుర్తులు, ఎరుపు రంగు, బజర్ ఉన్నదే తీసుకోండి. పది గడియారాల బొమ్మలున్న తెర కంటే నాలుగు పెద్ద అంకెలున్నది నాకు నయమనిపిస్తుంది.

బిగించేటప్పుడు కరెంటును తాళం తిప్పితేనే వచ్చే తీగ నుంచి, ఫ్యూజుతో తీయించండి. ఓబీడీ సాకెట్‌లో కరెంటు ఎప్పుడూ ఉంటుంది. పెళ్లిళ్లకే బయటికి తీసే బండిలో తెర గుచ్చి వదిలేస్తే బ్యాటరీ దిగిపోతుంది. తెర అప్పుడప్పుడు ఆరిపోతుంటే, బ్యాటరీ తీగ విప్పి, రెండు క్యాన్ తీగల మధ్య మీటరు పెట్టించండి. చివరన ఒకటి చొప్పున 120 ఓమ్‌ల నిరోధకాలు రెండు ఉంటాయి కాబట్టి 60 రావాలి. 120 వస్తే ఒకటి లేనట్టు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో రాసిన వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. గ్యాస్ కిట్ అయితే ఆమోదం పొందినదై, ఆర్‌సీలో నమోదు కావాలి. ఈసీయూ మార్చే ముందే కోలారు ఆర్‌టీఓ కచేరీలో అడగండి, ఇన్సూరెన్సు కంపెనీకి కాగితం రాసి అందినట్టు సంతకం తీసుకోండి. పొగ పరీక్షలో తప్పితే తెర ఆదుకోదు.

కొనేటప్పుడు బిల్లు మీద తెర మోడల్‌తో పాటు మీ ఈసీయూ మోడల్ కూడా రాయించండి. "ఈ రెండూ కలిసి పనిచేయకపోతే వాపసు తీసుకుంటాం" అని దుకాణం ముద్రతో ఒక వాక్యం అడగండి. రాయనంటే పక్క దుకాణానికి వెళ్లండి. బెంగళూరు జేసీ రోడ్డులో దుకాణాలకు కొదవ లేదు.