చిగుళ్ల చికిత్సకు పొగాకు అడ్డు

చిగుళ్ల వ్యాధి పాచితో మొదలవుతుంది. పళ్ల మొదళ్లలో పేరుకున్న పాచిలో బ్యాక్టీరియా పెరిగితే చిగుళ్లు వాచి, ఎర్రబడి, బ్రష్ తగలగానే రక్తం కారుతుంది. జింజివైటిస్ అనే ఈ తొలి దశ పళ్లు శుభ్రం చేయిస్తే నయమవుతుంది. అశ్రద్ధ చేస్తే వాపు లోపలికి దిగి, పంటిని పట్టి ఉంచే తంతువులను, దవడ ఎముకను తినేస్తుంది. ఇది పెరియోడాంటైటిస్. ఆరోగ్యంగా ఉన్నప్పుడు పంటికీ చిగురుకీ మధ్య సందు 1 నుంచి 3 మిల్లీమీటర్లే ఉంటుంది. వ్యాధి ముదిరేకొద్దీ అది లోతై ‘పాకెట్’గా మారుతుంది.

పొగ తాగేవారిలో ఈ వ్యాధి చాటుగా ముదురుతుంది. పొగాకు ప్రభావంతో చిగుళ్లలో రక్త ప్రసరణ, వాపు లక్షణాలు అణగిపోతాయి. లోపల ఎముక కరుగుతున్నా పైకి రక్తం అంతగా కనిపించదు. దాంతో చాలామంది పళ్లు కదిలేదాకా డాక్టర్ దగ్గరకు వెళ్లరు. చికిత్స ఆ మేరకు ఆలస్యమవుతుంది.

చికిత్సలో మొదటి మెట్టు స్కేలింగ్, రూట్ ప్లానింగ్. అంటే పంటి మీద, చిగురు కింద వేరు మీద గట్టిపడిన గారను తీసి నున్నగా చేయడం. ఈ దశలో డాక్టర్ చేయగలిగింది అంతవరకే. ఆ తర్వాత గాయాన్ని మాన్పుకోవలసింది శరీరమే. పొగాకు దెబ్బ తీసేది సరిగ్గా ఇక్కడే. బ్యాక్టీరియాను మింగే తెల్ల రక్తకణాలు మందగిస్తాయి. కొత్త కణజాలాన్ని అల్లే ఫైబ్రోబ్లాస్ట్ కణాలు వేరుకు సరిగా అతుక్కోవు, కొల్లాజెన్‌ను తగినంతగా తయారు చేయవు.

అందుకే ఒకే చికిత్స చేసినా పొగ తాగేవారిలో పాకెట్ల లోతు తక్కువగా తగ్గుతుంది. చిగురు తెరిచి శుభ్రం చేసే ఫ్లాప్ సర్జరీలోనూ, కరిగిన ఎముకను తిరిగి పెంచే చికిత్సల్లోనూ ఇదే తేడా. పెట్టించుకున్న దంత ఇంప్లాంట్లు విఫలమయ్యే ముప్పు కూడా వీరికే ఎక్కువ. నష్టం తాగే మోతాదును బట్టి ఉంటుంది. 2017 అంతర్జాతీయ సదస్సులో రూపొందిన వర్గీకరణ ప్రకారం, రోజుకు 10 లేదా అంతకు మించి సిగరెట్లు తాగే పెరియోడాంటైటిస్ రోగులు వేగంగా ముదిరే ‘గ్రేడ్ సి’ కిందికి వస్తారు. బీడీ, చుట్ట కూడా పొగాకే కనుక వాటికి మారినంత మాత్రాన ముప్పు తప్పదు.

కాబట్టి పొగ మానడం కూడా చిగుళ్ల చికిత్సలో భాగమే. మానిన కొత్తలో కొందరికి చిగుళ్ల నుంచి రక్తం ఎక్కువగా కారవచ్చు. అణగిపోయిన రక్త ప్రసరణ తిరిగి పుంజుకోవడం ఇందుకు ఒక కారణం. దానికి భయపడి మళ్లీ సిగరెట్ ముట్టించకూడదు. అయితే వ్యాధి కూడా కారణం కావచ్చు కనుక డాక్టర్‌కు చూపించుకోవాలి. పోయిన ఎముక దానంతట అది తిరిగి రాదు గాని, మానేసినవారిలో చికిత్స మెరుగ్గా పనిచేస్తుంది. 1988–94 మధ్య అమెరికాలో జరిగిన జాతీయ ఆరోగ్య సర్వేను విశ్లేషించినప్పుడు, పొగ తాగేవారికి పెరియోడాంటైటిస్ ముప్పు ఎన్నడూ తాగనివారి కంటే సుమారు 4 రెట్లు ఉన్నట్టు తేలింది. మానేసి 11 ఏళ్లు గడిచినవారిలో మాత్రం ఆ ముప్పు ఎన్నడూ తాగనివారితో దాదాపు సమానంగా ఉంది.