ఫోను మోగేలోపు ఏం జరుగుతుంది?

మనలో చాలామందికి మూడు నాలుగేళ్ళకోసారి ఊరు మారుతుంది, బడి మారుతుంది, ఇంటి చిరునామా మారుతుంది. అమ్మానాన్నల ఫోను నంబరు మాత్రం మారదు. విశాఖపట్నంలో తీసుకున్న నంబరుకు అక్కడి నుంచి అమ్మమ్మ కాల్ చేస్తే, అది బస్తర్‌లోని మన ఇంట్లో మోగుతుంది. మనం బదిలీ మీద వచ్చిన సంగతి ఆ నంబరులో ఎక్కడా రాసి లేదు. మరి కాల్‌కు మన దారి ఎలా తెలిసింది?

ఉద్యోగి ఎక్కడికి బదిలీ అయినా అతని వివరాలన్నీ సర్వీసు పుస్తకంలో ఉంటాయి. కొత్త ఊరిలో చేరగానే జాయినింగ్ రిపోర్టు ఇస్తాడు. ఫోను కూడా ఇలాగే చేస్తుంది. ప్రతి సిమ్‌కు దాని కంపెనీ దగ్గర ఒక లెక్క ఉంటుంది. దాన్ని హోమ్ లొకేషన్ రిజిస్టర్ అంటారు. 4జీలో ఈ పనిచేసే దానికి హోమ్ సబ్‌స్క్రైబర్ సర్వర్ అని పేరు. ఫోను కొత్త ప్రాంతంలోకి రాగానే మనం ఏమీ నొక్కకుండానే "నేను ఇక్కడున్నాను" అని దానికి కబురు పంపుతుంది.

విశాఖ నుంచి కిరండూల్ వెళ్ళే రైలునే తీసుకుందాం. అరకు దాటే వరకు ఫోను ఆంధ్రప్రదేశ్ టెలికాం సర్కిల్‌లో ఉంటుంది. కోరాపుట్‌లో ఒడిశా సర్కిల్. జగదల్‌పూర్ చేరేసరికి మధ్యప్రదేశ్ సర్కిల్‌లోకి వస్తుంది. ఛత్తీస్‌గఢ్ వేరే రాష్ట్రమైనా టెలికాం లెక్కలో ఇప్పటికీ ఆ సర్కిల్‌లోదే. ఇలా మారిన ప్రతిసారీ రిజిస్టర్‌లో మన జాడ కూడా మారుతుంది.

అమ్మమ్మ కాల్ చేసినప్పుడు నెట్‌వర్క్ మొదట ఆ రిజిస్టర్‌ను అడుగుతుంది. జాడ తెలిశాక, ఆ ప్రాంతంలోని టవర్లన్నీ ఊళ్ళో చాటింపు వేసినట్టు మన ఫోనును పిలుస్తాయి. దీన్నే పేజింగ్ అంటారు. మన ఫోను పలికితే మోగుతుంది. అప్పుడు అమ్మమ్మకు వినిపించే ట్రింగ్ ట్రింగ్ గానీ, కాలర్ ట్యూన్ గానీ మన ఫోనులోంచి వెళ్ళేది కాదు. నెట్‌వర్కే వినిపిస్తుంది.

ఫోను ఆపేటప్పుడు అది "వెళ్తున్నాను" అని చెప్పి మరీ ఆగిపోతుంది. అందుకే "స్విచ్ ఆఫ్" అన్న మాట వినిపిస్తుంది. ఘాట్‌లోని సొరంగంలోనో, టవరు లేని అడవి దారిలోనో సిగ్నల్ పోతే అలా చెప్పే వీలుండదు. చాటింపుకు జవాబు రాదు కాబట్టి "కవరేజీ ఏరియా బయట" అంటుంది.

ఆ రిజిస్టర్‌లో మన జాడతోపాటు మనం ఇచ్చిన ఆదేశాలు కూడా ఉంటాయి. మాట్లాడుతుండగా ఇంకో కాల్ వస్తే తెలియజేయాలా? కొన్ని రకాల కాల్స్‌ను ఆపేయాలా? కాల్‌ను వేరే నంబరుకు మళ్ళించాలా? మళ్ళింపు నాలుగు రకాలు: ప్రతి కాల్‌నూ మళ్ళించడం, లైను బిజీగా ఉంటే మళ్ళించడం, ఎత్తకపోతే మళ్ళించడం, ఫోను అందకపోతే మళ్ళించడం. ఈ ఆదేశం ఫోనులో కాకుండా నెట్‌వర్క్‌లో ఉంటుంది. అందుకే ఫోను ఆపేసి ఉన్నా మళ్ళింపు పనిచేస్తుంది.

ఇంకో ముఖ్యమైన విషయం. కాల్ చేసినవారి నంబరు, మాట కలవకముందే అవతలికి చేరుతుంది. డబ్బు లెక్క మాత్రం ఎత్తిన తర్వాతే మొదలవుతుంది. మిస్డ్ కాల్ ఖర్చు లేని కబురు అయింది ఇందువల్లే. ఈ చిన్న సంగతిని బస్తర్ ప్రజలు ఎంతో గొప్పగా వాడుకున్నారు. పాత్రికేయుడు శుభ్రాంశు చౌధరి 2010లో సీజీనెట్ స్వర అనే సేవను మొదలుపెట్టారు. దాని నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే కంప్యూటరు ఆ కాల్ ఎత్తేది కాదు. నంబరు చూసుకుని తానే తిరిగి కాల్ చేసేది. 1 నొక్కితే తమ మాట రికార్డు చేసే వీలు, 2 నొక్కితే ఇతరుల మాటలు వినే వీలు ఉండేవి. పనిచేయని చేతిపంపు గురించి, అందని కూలి డబ్బుల గురించి హిందీలోనో గోండీలోనో చెప్పేవారు. చదువు రాకపోయినా, ఇంటర్నెట్ లేకపోయినా, మామూలు బటన్ల ఫోను ఉంటే సరిపోయేది. ఖర్చు వారి మీద పడేది కాదు.

ఇదే ఏర్పాటును మోసగాళ్ళూ వాడుకుంటున్నారు. "మీ సిమ్ ఆగిపోబోతోంది", "మీ పార్సెల్ వచ్చింది" అని చెప్పి, *21* తోనో *401 తోనో మొదలయ్యే ఒక కోడ్ నొక్కమంటారు. ఆ కోడ్ తర్వాత వచ్చేది వాళ్ళ నంబరు. నొక్కిన క్షణం నుంచి మన కాల్స్ వాళ్ళకు వెళ్తాయి. ఎస్సెమ్మెస్‌లు మళ్ళవు గానీ, కాల్ ద్వారా చెప్పే ఓటీపీ వాళ్ళ చెవిలో పడుతుంది. బ్యాంకు ఖాతాకూ, వాట్సాప్‌కూ ముప్పు అక్కడే. అందుకే ఇలా కోడ్ నొక్కి కాల్స్ మళ్ళించే సౌకర్యాన్ని 2024 ఏప్రిల్ 15 నుంచి నిలిపివేయాలని టెలికాం శాఖ కంపెనీలను ఆదేశించింది. అయినా జాగ్రత్త మానకూడదు.

బదిలీ కుటుంబాలకు ఈ సంగతి ఇంకా ముఖ్యం. నాన్న క్యాంపుకు వెళ్తే, తాతయ్య దూరాన ఒంటరిగా ఉంటే, వాళ్ళను మనతో కలిపేది ఆ నంబరే. ఆ కాల్ ఇంకెవరికో వెళ్తే, మన ఫోను మోగనే మోగదు, కాబట్టి మనకు తెలియను కూడా తెలియదు. ఇంట్లో పెద్దల ఫోనులో *#21# నొక్కి చూడమని చెప్పండి. ప్రతి కాల్‌నూ మళ్ళించే ఆదేశం ఉందో లేదో తెరమీద కనిపిస్తుంది. ఏదైనా తెలియని నంబరు కనిపిస్తే ##002# నొక్కి అన్ని మళ్ళింపులూ రద్దు చేయమని కోరవచ్చు, లేదా కంపెనీ కస్టమర్ కేర్‌కు చెప్పవచ్చు. ఊరిలో ఉన్న తాతయ్య, అమ్మమ్మల ఫోన్లనూ సెలవులకు వెళ్ళినప్పుడు ఇలాగే చూసి పెడదాం. అపరిచితులు చెప్పిన ఏ కోడ్‌నూ నొక్కవద్దని వాళ్ళకు మన భాషలో, అర్థమయ్యేలా చెబుదాం.