లక్కపిడతల ఊళ్లో కొత్త నమూనాకు కాపలా ఏదీ?

ఏటికొప్పాక: అనకాపల్లి జిల్లా ఎస్.రాయవరం మండలంలో, వరాహ నది ఒడ్డున ఉన్న ఈ గ్రామానికి రెండు పేర్లున్నాయి. ఒకటి 1933లో సహకార రంగంలో పుట్టిన చక్కెర కర్మాగారం వల్ల వచ్చింది. రెండోది లక్కబొమ్మల వల్ల.

చక్కెర పరిశ్రమలో కొత్తదనమంటే కొత్త బాయిలరు, కొత్త రోలర్లు. టన్ను చెరకుకు రాబడి ఎంత పెరిగిందన్నదే లెక్క. ఎంత ఖర్చు పెట్టినా చివరకు బస్తాలోకి వచ్చేది ఆ చక్కెరే. బొమ్మల పనిలో తీరు వేరు. చేతితో తిప్పే లేత్ పోయి కరెంటు మోటారు వచ్చింది తప్ప పనితనం పాతదే. ఎండబెట్టిన అంకుడు కర్రను లేత్‌కు బిగించి ఉలితో చెక్కుతారు. తిరుగుతున్న కర్రకు లక్కకడ్డీ ఒత్తితే ఆ రాపిడి వేడికే లక్క కరిగి పట్టుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడుతుంది. ఇక్కడ మారవలసింది వస్తువే. లక్కపిడతలు, బొంగరాలు, కుంకుమ భరిణెలు చేసిన చేతులే ఇప్పుడు చెవి రింగులు, గాజులు, పెన్నుల స్టాండ్లు చేస్తున్నాయి.

రంగుల సంగతి మరీ చెప్పుకోదగ్గది. రసాయన రంగుల బొమ్మలను పిల్లలు నోట్లో పెట్టుకుంటే ప్రమాదమన్న మాట బలపడిన రోజుల్లో, ఈ ఊరి సి.వి.రాజు పసుపు, జాఫ్రా గింజలు, నీలి వంటి వాటితో రంగులు కట్టే పద్ధతిని పునరుద్ధరించారు. ఈ కొత్త దారికి కోటి రూపాయల యంత్రం అక్కర్లేకపోయింది. ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీ కవాతులో రాష్ట్ర శకటం మీద ఈ బొమ్మలే ఊరేగాయి.

అయితే చిక్కంతా ఇక్కడే ఉంది. మిల్లులోని యంత్రాన్ని పక్కూరివాడు ఎత్తుకుపోలేడు. బొమ్మ నమూనాను మాత్రం ఒక్కసారి చూస్తే చాలు, దింపేయవచ్చు. రాత్రింబగళ్లు కూర్చుని ఒక రూపం కుదిర్చినవాడికి దక్కేది మొదటి సరుకు అమ్మకమే. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా అనుకోవచ్చు. అది ఊరి పేరును కాపాడుతుంది కాని, ఏ ఒక్కరి నమూనానూ కాపాడదు.

నమూనాకు వేరే చట్టం ఉంది. 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేయించుకుంటే పదేళ్లు, ఆపై రుసుము కడితే మరో అయిదేళ్లు హక్కు ఉంటుంది. ఒక్క మెలిక ఉంది. దరఖాస్తుకు ముందే ఆ వస్తువును సంతలోనో ప్రదర్శనలోనో అమ్మకానికి పెడితే అది కొత్తది కాకుండా పోతుంది, నమోదు దక్కదు. చేసిన వెంటనే అమ్ముకుంటే గాని పొయ్యి వెలగని ఇళ్లకు ఈ నిబంధన ఎంత బరువో వేరే చెప్పనక్కర్లేదు. దరఖాస్తు రాయడం కూడా ఉలి పట్టినంత సులువు కాదు. దసరా కొలువుల బేరాలు మొదలవకముందే మండల కేంద్రంలో నెలకొక రోజు కూర్చుని, ఈ దరఖాస్తులు ఉచితంగా రాసి పంపే ఏర్పాటును జిల్లా పరిశ్రమల శాఖ చేయవలసి ఉంది.