సెట్టు కాదు... చిట్టితల్లి ఇల్లు!

'మాయాబజార్' చూడని తెలుగువాళ్ళు ఉంటారా? ఉన్నా పైకి చెప్పుకోరు! 1957లో విజయా వారు కె.వి.రెడ్డి దర్శకత్వంలో తీసిన ఆ చిత్రంలో ద్వారకానగరం కనిపిస్తుంది, గుర్తుందా? వెన్నెల్లో మిలమిలలాడే ఆ మేడలన్నీ నిజానికి బొమ్మ మేడలే! కళాదర్శకులు గోఖలే, కళాధర్‌ల బృందం 50 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు జాగాలో బుల్లి బుల్లి ఇళ్ళతో ఏకంగా ఊరినే కట్టేసింది. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ ఆ ఇళ్ళలో కరెంటు దీపాలు వెలిగించి, మన కళ్ళకు అది మహానగరమే అనిపించాడు.

ఇప్పుడా ద్వారక ఊసు ఎందుకంటారా? లాలాపేటలో ఉండే మా అక్క కూతురికి నాలుగేళ్ళు. దానికో బొమ్మరిల్లు కట్టిపెట్టే కాంట్రాక్టు ఈ మధ్య నాకు దక్కింది. పారితోషికం: రెండు ముద్దులు, అదీ పని పూర్తయ్యాకే! ఆ పనిలో దిగాక ఒక్క సంగతి బాగా తెలిసొచ్చింది. సెట్టు వేరు, బొమ్మరిల్లు వేరు. సెట్టు కెమెరా కంటి కోసం, బొమ్మరిల్లు పిల్ల చేతి కోసం.

రాణిగారి బొమ్మరిల్లు

ప్రపంచంలో పేరుమోసిన బొమ్మరిల్లు ఇంగ్లండులో విండ్సర్ కోటలో ఉంది. క్వీన్ మేరీ కోసం 1921-24 మధ్య తయారైంది. అసలు ఇంటికి పన్నెండో వంతు కొలత. కుళాయి తిప్పితే నీళ్ళొస్తాయి, స్విచ్చి వేస్తే దీపాలు వెలుగుతాయి, లిఫ్టులు కూడా నడుస్తాయి! దాన్ని రూపొందించింది ఎవరో కాదు, న్యూఢిల్లీకి రూపం ఇచ్చిన ఎడ్విన్ లుట్యెన్స్. ఢిల్లీలో మన ఏడో నిజాముకు హైదరాబాద్ హౌస్ కట్టిపెట్టిన మహానుభావుడూ ఆయనే.

అంతా అద్భుతమే. కానీ అది చూడ్డానికే తప్ప ఆడుకోడానికి కాదు. మన ఇళ్ళల్లో బొమ్మల కొలువూ అంతే కదా! మెట్ల మీద బొమ్మల్ని పేర్చి, పిల్లలు దగ్గరికొస్తే 'ముట్టుకోకు' అంటాం. బొమ్మరిల్లు అలా కాదు. ముట్టుకోడానికే పుట్టింది.

ముందు కొలత, తర్వాత కోత

లాలాపేట నుంచి తార్నాక మీదుగా ఉస్మానియా క్యాంపస్‌కి వెళితే ఆర్ట్స్ కాలేజీ కనిపిస్తుంది. ఎన్ని సినిమాల్లో చూశామో ఆ భవనాన్ని! 1934లో శంకుస్థాపన జరిగి, 1939లో ప్రారంభమైంది. అది కట్టడానికి ముందు సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగ్ అనే ఇద్దరు దేశదేశాలు తిరిగి అక్కడి విశ్వవిద్యాలయాలు చూసొచ్చారు. ముందు చూపు, తర్వాత కట్టుబడి!

మనం విదేశాలు తిరగక్కర్లేదు. టేపు పట్టుకుని మన ఇల్లే కొలుచుకుంటే చాలు. సూత్రం చాలా సులువు: అడుగుకు అంగుళం. పదడుగుల ఎత్తు గది అయితే పది అంగుళాలు. ఐదున్నర అడుగుల మనిషి అయితే ఐదున్నర అంగుళాల బొమ్మ.

కింద రెండు గదులు, పైన రెండు గదులు. ఇల్లు మొత్తం 24 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల ఎత్తు, 10 అంగుళాల లోతు. 9 ఎం.ఎం. ప్లైవుడ్ సగం షీటు తెస్తే ఇంకా మిగులుతుంది. వెనక గోడకు పల్చటి ప్లై చాలు. ముందువైపు గోడే వద్దు! మొత్తం తెరిచే ఉంచాలి. పిల్ల చెయ్యి వెనక గోడదాకా అందాలి కదా, అందుకే లోతు పది అంగుళాలు దాటనివ్వకండి.

విదేశీ బొమ్మల్లో చూసి ఏటవాలు కప్పు పెట్టేరు సుమా! మన పిల్లలకు ఇల్లంటే డాబా. చుట్టూ మూడంగుళాల పిట్టగోడ కట్టండి. ఓ మూల నీళ్ళ ట్యాంకు, ఓ మూల తులసికోట, మధ్యలో బట్టలారేసే దారం. సంక్రాంతికి బొమ్మలన్నీ పైకెక్కి పతంగులు ఎగరేసుకుంటాయి!

అమ్మమ్మ మంచం ఎక్కడ?

కాగితం మీద గదులు గీస్తుంటే మా మేనకోడలు పక్కనే కూర్చుంది. హాలు, వంటిల్లు, పడకగది, చదువుకునే గది... అంతా చూసి ఒక్కటే ప్రశ్న వేసింది. "మామా, మరి అమ్మమ్మ ఏడ పడుకుంటది?"

వాళ్ళుండేది రెండు గదుల అద్దె పోర్షను. రాత్రి హాల్లో సామాన్లు జరిపితేనే అమ్మమ్మ మంచం పడుతుంది. చదువుకునే గదిని కొట్టేసి అమ్మమ్మకిచ్చాం. రేపు ఊరి నుంచి తాతయ్య వస్తే? ఎల్లుండి తమ్ముడు పుడితే? అందుకే అడ్డగోడల్ని మేకులతో బిగించలేదు. రెండువైపులా సన్నటి బీడింగు ముక్కలు అంటించి, ఆ సందులో గోడ జారేలా పెట్టాం. లాగేస్తే రెండు గదులు ఒక్క హాలైపోతుంది. ఇంట్లో ఎవరెవరుండాలో పిల్లే తేల్చుకుంటుంది.

రెండు పక్కలా పట్టుకోడానికి హ్యాండిల్స్ కూడా బిగించండి. అద్దె ఇళ్ళవాళ్ళకు సామాను సర్దుకోవడం మామూలే. ఇల్లు మారినప్పుడల్లా పిల్లకు బడి దూరమవుతుంది, నేస్తాలు దూరమవుతారు. ఈ ఒక్క ఇల్లు మాత్రం వెంటే వస్తుంది.

ఖర్చు తక్కువ, కళ ఎక్కువ

లోపలి అలంకరణకు డబ్బు పోయక్కర్లేదు. బీరువాలో పడున్న పాత శుభలేఖలు తీయండి. గోడలకు అంతకంటే మంచి కాగితం దొరకదు! అగ్గిపెట్టెలు ఒకదాని మీద ఒకటి అంటిస్తే సొరుగుల బల్ల. సబ్బు పెట్టె మంచం. దారం రీలు స్టూలు. దర్జీ దగ్గర పడేసే గుడ్డ పీలికలు పరుపులు, పరదాలు. ప్లైవుడ్డే అక్కర్లేదు, పెద్ద అట్టపెట్టెతోనూ ఇవన్నీ చెయ్యొచ్చు. కొన్నాళ్ళకు చిరిగితే మరోటి కట్టుకోవచ్చు.

జాగ్రత్తలు మాత్రం గట్టిగా పాటించాలి. రంపం పని పెద్దవాళ్ళదే. కోసిన అంచులన్నీ గరుకు కాగితంతో నున్నగా రుద్దాలి. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళలో 90కి మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. కాబట్టి అటకమీది పాత డబ్బా మూత తీయకుండా, సీసం లేదని రాసివున్న కొత్త రంగే కొనండి. మూడేళ్ళలోపు పిల్లలుంటే గుండీలు, పూసలు, సీసా మూతలు లోపల పెట్టొద్దు; నోట్లో వేసుకుంటారు. దీపాలు కావాలంటే రెండు పెన్సిల్ సెల్సుతో వెలిగే చిన్న ఎల్.ఇ.డి.లు చాలు. సెల్సు పెట్టెకు మూత స్క్రూతో బిగించాలి. గుండీ బ్యాటరీల జోలికి అసలే పోవద్దు. పిల్లలు మింగితే ప్రాణం మీదికొస్తుంది. ఇంటి కరెంటు ప్లగ్గు మాట తలపెట్టనే వద్దు.

నాన్నగారూ, చెయ్యి తీయండి!

2006లో భాస్కర్ దర్శకత్వంలో వచ్చిన 'బొమ్మరిల్లు' గుర్తుందా? కొడుకు తొడుక్కునే చొక్కా దగ్గర్నుంచి అన్నీ తనే నిర్ణయించే తండ్రిగా ప్రకాష్‌రాజ్, ఊపిరాడని కొడుకుగా సిద్ధార్థ్. కొడుక్కి నచ్చేది తనకే తెలుసనుకుంటాడా తండ్రి. ప్రేమ లేక కాదు, ప్రేమ ఎక్కువై!

బొమ్మరిల్లు కట్టేవాళ్ళకు పొంచివున్న ప్రమాదం కూడా అదే. ఇన్నాళ్ళు కష్టపడ్డాం కదా అని సోఫా ఇక్కడే ఉండాలి, గ్యాసు పొయ్యి అక్కడే ఉండాలి అనిపిస్తుంది. పిల్లేమో పొయ్యి తీసుకెళ్ళి డాబా మీద పెడుతుంది. ఏనుగును వంటింట్లో పడుకోబెడుతుంది. అమ్మను ఆఫీసుకు పంపి నాన్న చేత అంట్లు తోమిస్తుంది! సర్దబోకండి. ఆ ఇంటికి కథ, మాటలు, దర్శకత్వం అన్నీ ఆ పిల్లవే.

ఈసారి సెలవుల్లో మీ చెల్లాయికో, అన్నయ్య కూతురికో ఓ ఇల్లు కట్టిపెట్టండి. గృహప్రవేశం రోజున తాళం దాని చేతికిచ్చి, మీరు తలుపు బయట నిలబడండి. లోపలికి పిలిస్తే... అప్పుడు మాత్రమే వెళ్ళండి!