గాలి తీయడం తేలికే... మరి కొట్టేదెలా?

జైసల్మేర్ నుంచి పడమరగా నలభై కిలోమీటర్లు వెళితే ‘సమ్’ అనే ఊరి దగ్గర ఇసుక తిన్నెలు మొదలవుతాయి. ఫోర్‌వీల్ డ్రైవ్ బండ్లున్నవాళ్లకి అదో తీర్థయాత్రా స్థలం. తారురోడ్డు దిగి ఇసుకలోకి వెళ్లే ముందు అక్కడ ఆరితేరిన డ్రైవర్లు చేసే మొదటి పని చూస్తే కొత్తవాళ్లు తెల్లబోవాల్సిందే. నాలుగు టైర్ల దగ్గరా గొంతుక్కూర్చుని బుస్సు... మని గాలి తీసేస్తారు! 32 పీఎస్ఐ ఉన్నదాన్ని 15కో, 16కో దించేస్తారు.

పిచ్చిపని కాదది. గాలి నిండుగా ఉన్న టైరు ఇసుకలో పారలా దిగబడుతుంది. గాలి తగ్గితే టైరు కింద కాస్త చదునై, పొడుగ్గా పరచుకుంటుంది. బరువు ఎక్కువ చోటుకి పంచుకుపోతుంది. ఒంటె పాదం ఇసుకమీద పెట్టగానే విచ్చుకోవడం చూశారా... సూత్రం అదే! అలాగని మరీ తీసేయకూడదు. పన్నెండుకన్నా దిగితే, గట్టిగా మలుపు తిప్పినప్పుడు టైరు అంచు రిమ్ముని వదిలేసి ఊడొచ్చే ప్రమాదముంది.

అంతవరకూ బాగానే ఉంది. చిక్కల్లా సాయంత్రం వస్తుంది. తిన్నెలమీద విహారమయ్యాక మళ్లీ రోడ్డెక్కాలి. ఊళ్లోకి నలభై కిలోమీటర్లు. పిల్లలకి ఆకలి, రోడ్డేమో ఖాళీ... కాలు యాక్సిలరేటర్‌మీద గట్టిగా పడుతుంది. సగం గాలితో ఉన్న టైరు ప్రతి చుట్టుకీ నలిగి, మళ్లీ సాగుతూ ఉంటుంది. ఆ నలుగుడుకి పక్కగోడ లోపల్లోపలే వేడెక్కిపోతుంది. పైకేమీ కనిపించదు. వందమీద పోతున్నప్పుడు ఆ గోడ చీలితే బండి ఎటు పోతుందో డ్రైవరు చేతిలో ఉండదు. తిన్నెమీద కాపాడిన ఆ 15 పీఎస్ఐయే రోడ్డుమీద ప్రాణంమీదికి తెస్తుంది. అందుకే రోడ్డెక్కే చోటే గాలి కొట్టుకోవాలి. అక్కడ పంక్చర్ షాపెక్కడుంటుంది? బండిలోనే కంప్రెసర్ బిగించుకోవడమన్న ఆలోచన పుట్టింది అందుకే.

ఆలోచన కొత్తదేం కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1942లో, అమెరికన్లు నీళ్లలోనూ నేలమీదా నడిచే ‘డక్’ అనే ట్రక్కు తయారుచేశారు. సముద్రంలోంచి ఇసుక ఒడ్డుకి, అక్కణ్నుంచి రోడ్డుమీదకి వెళ్లాలది. దిగి గాలి కొట్టుకుంటూ కూర్చుంటే శత్రువు ఊరుకుంటాడా! అందుకని డ్రైవరు సీట్లోంచి కదలకుండానే టైర్లలో గాలి తగ్గించి, పెంచే ఏర్పాటు చేశారు. మన లారీ డ్రైవర్లకీ ఈ బాధ తక్కువే. ఎయిర్ బ్రేకుల కోసం ఇంజిన్‌తో తిరిగే కంప్రెసర్ ఎలాగూ ఉంటుంది. దానికి గొట్టం తగిలించి టైర్లకి గాలి కొడతారు, క్యాబిన్లో దుమ్మూ దులుపుతారు.

జీపులకా సదుపాయం లేదు. ఆ లోటుని బ్యాటరీతో నడిచే చిన్న కంప్రెసర్లు తీరుస్తున్నాయి. 1975లో మెల్‌బోర్న్‌లో మొదలైన ఏఆర్‌బీ లాంటి కంపెనీలు వీటికి పేరుపడ్డాయి. ఎడారులున్న ఆస్ట్రేలియాలో వీటికి గిరాకీ ఉండటంలో వింతేముంది!

‘‘ఆ మాత్రానికి సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టుకునే పంపు ఉందిగా’’ అనొచ్చు. కారు టైరులో రెండు మూడు పాయింట్లు తగ్గితే అది చాలు. ఇక్కడ లెక్క వేరు. థార్‌కి వచ్చే 18 అంగుళాల టైరులో దాదాపు 65 లీటర్ల చోటుంటుంది. దాన్ని 15 నుంచి 30కి తేవాలంటే బయటి గాలి మరో 65 లీటర్లకు పైగా కుక్కాలి. నాలుగింటికీ కలిపి రమారమి 265 లీటర్లు. నిమిషానికి పది లీటర్లు తోసే బుల్లి పంపుకి అరగంట పని. ఈలోగా అది కాలిపోయేంత వేడెక్కి ఆగిపోతుంది. సైకిల్ పంపు నాలుగుసార్లు కొడితే అడుగున చేయి చుర్రుమనడం అందరికీ అనుభవమేగా. నిమిషానికి నలభై లీటర్లు తోసే కంప్రెసరైతే ఏడు నిమిషాల్లో ముగిస్తుంది. గొట్టం ఒక టైరు నుంచి ఇంకో టైరుకి మార్చడానికి మరికాస్త. కొనేటప్పుడు డబ్బామీద పెద్ద అక్షరాల్లో ఉండే 150 పీఎస్ఐని చూసి మురిసిపోకూడదు. జీపు టైరుకి అంత అక్కర్లేదు. చూడాల్సింది నిమిషానికెన్ని లీటర్లో, ఎంతసేపు ఆపకుండా నడుస్తుందో!

ఎక్కడ బిగించాలి?

బానెట్ కింద ఖాళీ కనిపించగానే చాలామంది అక్కడే పెట్టేస్తారు. బ్యాటరీ దగ్గర, వైరు పొదుపు. కానీ ఇంజిన్ వేడిలో కంప్రెసర్‌కి ఊపిరాడదు. తప్పనిసరైతే సైలెన్సర్ గొట్టాలకి దూరంగా, వీలైనంత ఎత్తులో ఉంచాలి. సీటు కింద చల్లగా ఉంటుందిగానీ చప్పుడు భరించాలి. గాలి పీల్చే ఫిల్టరు మాత్రం దుమ్మూ నీళ్లూ తగలని చోటుండాలి. పల్చటి రేకుమీద బోల్టులు బిగిస్తే గతుకులకి ఆ రేకే చిరుగుతుంది. కింద మందపాటి పట్టీ ఉండాల్సిందే.

అసలు జాగ్రత్త అవసరమయ్యేది కరెంటు దగ్గర. ఈ యంత్రం పాతిక ముప్పై ఆంపియర్లు లాగుతుంది, పెద్దవైతే ఇంకా ఎక్కువ. దీన్ని తీసుకెళ్లి బండిలో ఉన్న ఏదో వైరుకి అతికించేస్తే వారంటీ సంగతి సరే, బండే మిగలదు. బ్యాటరీ నుంచి నేరుగా విడి వైరు లాగాలి. సన్నదైతే దారిలోనే వోల్టేజీ పడిపోయి, ఎండాకాలం లో వోల్టేజీలో బోరు మోటారు మూలిగినట్టు మూలుగుతుంది. ఆరు చదరపు మిల్లీమీటర్లకి తగ్గకూడదు. దూరం ఎక్కువైతే పది. ఎర్త్ వైరూ అంతే మందం ఉండాలి, రంగు గీకేసిన ఇనుముమీద బిగించాలి.

ఫ్యూజు ఎక్కడ పెట్టాలన్నదే ప్రాణప్రదమైన విషయం. చాలామంది మెకానిక్కులు దాన్ని కంప్రెసర్ పక్కన పెడతారు. కంప్రెసర్‌ని కాపాడటానికన్నమాట! నిజానికి ఫ్యూజు కాపాడాల్సింది వైరుని. రేకు రంధ్రం అంచుకి రాసుకుని రాసుకుని ఒకరోజు పైతొడుగు ఊడి, రాగి తీగ బాడీకి తగిలిందనుకోండి... ఫ్యూజు అవతలి కొసన ఉంటే దానికా సంగతే తెలీదు. బ్యాటరీ శక్తంతా ఆ వైరులోనే పారి, అది హీటరు కాయిల్‌లా ఎర్రబడుతుంది. చుట్టూ ప్లాస్టిక్కూ, డీజిలు గొట్టాలూ. అందుకే ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. కంపెనీ చెప్పినన్ని ఆంపియర్లదే ఉండాలి. రంధ్రాల దగ్గర రబ్బరు బుష్ వేయాలి. స్విచ్చి రిలే ద్వారా పనిచేయాలి. తాళం తీస్తే ఆగిపోయేలా ఉంటే పిల్లలు ఆడుకుంటూ నొక్కినా భయముండదు.

కంప్రెసర్ నుంచి బయటికొచ్చే గాలి సలసల కాగుతూ ఉంటుంది. మామూలు ప్లాస్టిక్ గొట్టం మెత్తబడి ఊడిపోతుంది. స్టీలు జాలీ అల్లిన గొట్టమే వాడాలి. బిగించాక లీకులు పట్టడానికి ఖరీదైన పరికరాలేం వద్దు... సబ్బునీళ్లు చాలు. బుడగ వచ్చిందంటే ఆ జాయింటు విప్పి మళ్లీ బిగించాల్సిందే. వాల్వులు మూసి ఉన్నప్పుడు దానంతటదే ఆగే ప్రెషర్ స్విచ్చి, అది మొరాయిస్తే గాలి వదిలేసే సేఫ్టీ వాల్వు... రెండూ ఉండాలి. నాలుగైదు లీటర్ల ట్యాంకు కూడా పెట్టుకుంటే గాలి త్వరగా ఎక్కుతుందని ఒక నమ్మకం. 265 లీటర్ల పనికి అదేపాటి! దుమ్ము ఊదుకోవడానికో, గాలి హారను మోగించడానికో పనికొస్తుంది, అంతే.

గాలి కొట్టేటప్పుడు ఇంజిన్ నడుస్తూ ఉండాలి. లేకపోతే టైర్లు నిండేసరికి బ్యాటరీ ఖాళీ కావచ్చు, ఇక తోయడానికి మనుషుల్ని వెతుక్కోవాలి. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ లాగి ఉండాలని వేరే చెప్పక్కర్లేదు. కొలవడానికి మంచి గేజు ఒకటి విడిగా ఉంచుకోవాలి. స్టెప్నీని చాలామంది మర్చిపోతారు. అవసరానికి తీసి చూస్తే అందులో గాలుండదు.

ఒక్క ఇబ్బంది మాత్రం తప్పదు. తిన్నెలు దాటి రోడ్డెక్కే చోట కంప్రెసర్ ఉన్న బండి ఆగిందంటే వెనక మరో నాలుగు బండ్లు ఆగుతాయి. ‘‘అన్నా, మాక్కూడా కాస్త గాలి కొడతారా?’’ అంటూ ఒక్కొక్కరే దిగొస్తారు. పదహారు టైర్లు... మధ్యమధ్యలో యంత్రం చల్లారనిస్తూ కొట్టేసరికి చీకటి పడుతుంది.