వెనుక చక్రముల రాపిడి చప్పుడు

రైతు సోదరులు పలువురిప్పుడు పికప్పు బండ్లపై సరకును మార్కెట్టునకు చేర్చుచున్నారు. వెనుక చక్రముకడ గరగరమను చప్పుడు పుట్టినచో "బరువునకు మూలుగుచున్నదిలే" యని పోనిచ్చుట మనవారి వాడుక. గడచిన కోతలలో నేనును అట్లే తలచితిని. ధాన్యపు బస్తాలతో పల్లమునకు దిగుచు బ్రేకు తొక్కగా బండి యొక ప్రక్కకు లాగి, కాలువగట్టు అంచున నిలిచినది.

బస్తాలు దించగానే చప్పుడు మానునేని కమానుపట్టీలు అణగి టైరు మడ్గార్డును తాకుచున్నదని శంకింపవలెను. టైరుపై నిగనిగలాడు చార యుండును. బరువు తగ్గించి, విరిగిన పట్టీయున్న మార్పించుడు.

వట్టి బండిలోను చప్పుడున్నయెడల కొంతదూరము నడిపి నిలిపి, రెండు డ్రమ్ములకడను చేయి తాకించక చేరువనుంచి చూడుడు. ఒకటి మిక్కిలి వేడిగా నున్నచో ఆ ప్రక్క బ్రేకు షూ వదలుటలేదు. హ్యాండుబ్రేకు తీగ మట్టిపట్టి బిగిసినను ఇట్లగును. నా బండి జబ్బు ఇదియే. చదునైన నేలపై ముందు చక్రములకు రాళ్లు అడ్డువేసి, గేరును న్యూట్రలునకు తెచ్చి, హ్యాండుబ్రేకు వదలి, చక్రమును జాకీపై లేపి చేతితో త్రిప్పినచో పట్టుకొనుట తెలియును. పైనను క్రిందను పట్టి ఊపగా చక్రమాడినచో బేరింగును చూపింపవలెను. బండి క్రిందికి మాత్రము దూరకుడు.

బ్రేకు తొక్కినప్పుడే ఇనుము ఇనుమును ఒరయు చప్పుడైనచో లైనింగు అరిగి షూ డ్రమ్మును గీయుచున్నదేమో. మెకానిక్కు చూచువరకు ఆ బండిపై బస్తాయైనను వేయరాదు. డ్రమ్ము విప్పినపుడు లోని ధూళిని నోటితో ఊదనీయక తడిగుడ్డతో తుడిపింపుడు.