కారు కదలదు.. చక్రాలు మాత్రం 140లో!

ఇంజిన్ రంకెలేస్తుంటుంది. స్పీడోమీటర్ ముల్లు 140 దాటుతుంది. కారు మాత్రం అంగుళం కూడా కదలదు. రీల్స్‌లో ఈ సీన్ చూసి ‘నేనూ ట్యూనర్ అవ్వాలి’ అనుకున్నారా? మెకానికల్, ఆటోమొబైల్ చదివినవాళ్లకి మంచి దారే. కాకపోతే ఆ రీల్‌లో చూపించని పని ఒకటుంది.. కారుని కట్టేయడం. నేర్చుకోవాల్సింది అక్కణ్నుంచే.

ఈ యంత్రం పేరు ఛాసిస్ డైనమోమీటర్. వర్క్‌షాపుల్లో అంతా ‘డైనో’ అనే అంటారు. కారు చక్రాల్ని రోలర్ల మీద పెట్టి తిప్పిస్తారు. ఇనర్షియా రకంలో బరువైన డ్రమ్ము ఎంత త్వరగా వేగం అందుకుందో చూసి పవర్ లెక్కగడతారు. ఎడ్డీ కరెంట్ రకంలో రోలర్‌కి లోడ్ ఇచ్చి, ఇంజిన్‌ని ఒకే ఆర్‌పీఎం దగ్గర నిలబెట్టొచ్చు. ఓపిగ్గా మ్యాప్ రాయాలంటే ఇదే నయం. న్యూటన్ మీటర్లలో టార్క్‌ని ఆర్‌పీఎంతో గుణించి, 9549తో భాగిస్తే కిలోవాట్లు వచ్చేస్తాయి. బీటెక్‌లో బట్టీపట్టిన సూత్రమే!

ఇక అసలు సంగతి. నేను నేర్చుకునే రోజుల్లో ఓ ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారుకి వెనక స్ట్రాప్ నేనే కట్టా. రాట్చెట్ లాక్ పడిందో లేదో మళ్లీ చూడలేదు. తర్వాత స్టీరింగ్ ముందూ నేనే కూర్చున్నా. వేగం పెరిగేకొద్దీ కారు మెల్లగా పక్కకి జరగడం మొదలెట్టింది. బయటున్న సీనియర్ అన్న పిడికిలి పైకెత్తాడు. ఆపెయ్యమని సైగ. కాలు బ్రేక్ మీదికి వెళ్లబోయింది. అదృష్టం, అన్న చెప్పింది గుర్తొచ్చింది. యాక్సిలరేటర్ వదిలి, క్లచ్ తొక్కి, స్టీరింగ్ కదపకుండా పట్టుకున్నా. రోలర్లు వాటంతటవే నెమ్మదించాయి. టైరు పక్కగోడ కాస్త రాసుకుంది, అంతే. అప్పుడు బ్రేక్ గట్టిగా తొక్కుంటే బరువైన డ్రమ్ముల ఊపంతా టైర్ల మీదా, మిగిలిన స్ట్రాపుల మీదా పడేది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఫ్రంట్ వీల్ డ్రైవ్‌తో చిక్కే అది. తిప్పే చక్రాలే తిరిగే చక్రాలు కూడా. అందుకే ముందూ వెనకా రెండువైపులా స్ట్రాపులు బిగించాలి. కట్టేది గట్టి టోయింగ్ పాయింట్లకే, బంపర్‌కి కాదు. నేల మీదుండే చక్రాలకి అడ్డుదిమ్మలు పెట్టాలి. అలాగని స్ట్రాపుల్ని కిందికి మరీ లాగేస్తే టైరు వేడెక్కుతుంది, పవర్ కూడా తక్కువ చూపిస్తుంది. ఆల్ వీల్ డ్రైవ్ కారుని రెండు చక్రాల డైనో ఎక్కించనే కూడదు. టైర్ల గాళ్లలో ఇరుక్కున్న రాళ్లు తీసేయండి. ఆ వేగంలో అవి బుల్లెట్లే. రీట్రెడ్ టైర్లయితే ‘సారీ బాస్’ అనెయ్యండి. కారు ముందూ వెనకా మనుషులు నిలబడొద్దు.. వీడియో తీసే ఫ్రెండ్‌తో సహా!

కంటికి కనపడనిది ఇంకోటుంది. సైలెన్సర్ నుంచొచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. షట్టర్ వేసిన షెడ్డులో అది ప్రాణాలు తీస్తుంది. పొగని పైపుతో బయటికి పంపాల్సిందే. రేడియేటర్ ముందు పెద్ద ఫ్యాన్, చేతికందే దూరంలో ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, చెవులకి మఫ్స్ ఉండాలి. ఇవేవీ లేని చోట నేర్చుకోకపోవడమే మంచిది, ఫీజు ఎంత తక్కువైనా సరే.

రన్ మొదలెట్టాక కళ్లు పవర్ అంకె మీద కాదు, గాలి-ఇంధన నిష్పత్తి మీద ఉండాలి. పెట్రోల్‌కి 14.7 ఆదర్శమని చదువుకున్నాం కదా. ఫుల్ లోడ్‌లో అంతకన్నా రిచ్‌గా ఉంచుతారు. అక్కడ లీన్ అయినా, నాకింగ్ వినిపించినా వెంటనే కాలు తీసెయ్యాలి. పిస్టన్ కరిగిపోవడానికి ఎంతోసేపు పట్టదు. ఇంకోటి.. కంపెనీ 100 బీహెచ్‌పీ అన్న కారు డైనో మీద 85 చూపిస్తే కంగారుపడొద్దు. గేర్‌బాక్స్, టైర్లు తినేసింది పోను మిగిలిందే చక్రాల దగ్గర కనపడుతుంది.

ఉద్యోగం సంగతికొస్తే, ట్యూనింగ్ షాపులొక్కటే దారి కాదు. కార్ల కంపెనీల్లో క్యాలిబ్రేషన్ ఇంజినీర్లకీ, పుణెలోని ఏఆర్ఏఐ, మనేసర్‌లోని ఐక్యాట్ లాంటి టెస్టింగ్ సంస్థలకీ ఇదే పరిజ్ఞానం కావాలి. ఉద్గారాల పరీక్షలు జరిగేది కూడా ఛాసిస్ డైనో మీదే. కాలేజీలో ఉంటే బాహా, ఫార్ములా భారత్ టీముల్లో చేరండి. వర్క్‌షాప్‌లో చేరితే మాత్రం మొదట్లో ల్యాప్‌టాప్ అడగొద్దు. స్ట్రాపులు కట్టే పని అడిగి తీసుకోండి. కట్టాక ఇంకొకరితో చెక్ చేయించుకోండి. నేనిప్పటికీ అదే చేస్తున్నా.